చిన్నీ, ఆ ఉంగరం తీయకు

మలక్‌పేట, హైదరాబాదు
ఆదివారం

చి. చిన్నికి అత్తయ్య దీవించి రాసేది,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వదినా, పిల్ల ఎవరితోనో మాట్లాడుతూ రింగు తీసి డ్రాయర్లో పెట్టేశానంది. నా చెవులతో విన్నాను. ఎవరిచ్చిన రింగు? ఎందుకు తీసింది? నీకేమైనా చెప్పిందా?" అని ఒకటే కంగారు. అది పెళ్ళి ఉంగరం కాదమ్మా, దాని ఆసుపత్రి వాళ్ళిచ్చింది, వేలికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచేది అని విడమరిచి చెప్పేసరికి ఆవిడ మనసు కుదుటపడి హాయిగా పడుకుంది. నిద్ర పట్టనిది నాకు.

లేచి నీ కిందటి ఉత్తరం మళ్ళీ చదివాను. మాంచెస్టర్ వాన గురించి పేజీ నిండా రాశావు, క్యాంటీన్ సూప్‌ని ఇంకో పేజీ తిట్టావు. చివర్లో, సంతకం పైన ఇరికించినట్టు ఒక్క ముక్క: "గ్లవ్ కింద రింగు జారిపోతోందత్తా. పైగా పోయినసారి రీడింగు కాస్త ఎక్కువొచ్చింది, లుటీషియం లిస్టు నుంచి తప్పిస్తారేమోనని భయంగా ఉంది." దీనికీ డ్రాయరుకీ ముడి వెయ్యడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నా అనుమానం తప్పయితే ఈ ఉత్తరం చింపెయ్. తప్పు కాకపోతే టీ పెట్టుకుని కూర్చుని చదువు. పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కుతున్నావని కూడా మీ అమ్మే చెప్పింది. ఆ తగువు వేరే ఉంది.

బామ్మ దగ్గర వీణ నేర్చుకునేటప్పుడు వేళ్ళు బొబ్బలెక్కితే, పాఠం ఆపేస్తుందని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేదానివి. ఆ పిల్లే ఇప్పుడు వేలికున్న రింగు దాస్తోందంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు.

అసలు సంగతికి వస్తాను. రోగికిచ్చే లుటీషియం 177 మోతాదు మీరు 7.4 గిగాబెక్వెరల్ అంటారు, మా కాలపు లెక్కలో అది 200 మిల్లీక్యూరీలు. చిన్నదేం కాదు. నువ్వు ఎల్-బ్లాక్ వెనక నిలబడి వయల్లోంచి మందు లాగేటప్పుడు నీ ఛాతీ అల్లంత దూరంలో, సీసం చాటున ఉంటుంది. అందుకే ఛాతీ మీది బ్యాడ్జి ఎప్పుడూ బుద్ధిమంతుడిలా తక్కువే చూపిస్తుంది. నీ వేలి కొనకీ మందుకీ మధ్య ఉన్నది సిరంజి గోడ మందం. రెండు మీటర్ల దూరంలో తగిలేది మీటరు దూరంలో తగిలేదాంట్లో నాలుగోవంతని నువ్వే బల్ల గుద్ది చెబుతావు కదా, అదే సూత్రాన్ని వెనక్కి తిప్పి మిల్లీమీటర్లలోకి తీసుకురా. ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?

యూరప్ వాళ్ళు కొన్ని దేశాలు కలిసి 2008 నుంచి 2011 దాకా ఒరామెడ్ అని ఒక పరిశోధన చేశారు. న్యూక్లియర్ మెడిసిన్‌లో పనిచేసేవాళ్ళ చేతుల మీద చాలా చోట్ల డోసిమీటర్లు అంటించి కొలిచారు. రిటైరయ్యాక కూడా ఇలాంటివి చదువుతూ కూర్చుంటానని మీ మామయ్య నవ్వుతాడు, నవ్వనీ. వాళ్ళు తేల్చిందేమిటంటే, రింగు రాసే చేతికి కాదు, రెండో చేతికి, చూపుడు వేలు మొదట్లో, కొలిచే ముఖం అరచేతి వైపుకి తిరిగి ఉండేలా పెట్టుకోవాలి. నువ్వు రాళ్ళ ఉంగరంలాగా ముఖం పైకి తిప్పి పెట్టుకోవడం లేదు కదా? సరైన చోట పెట్టుకున్నా వేలి కొనకి తగిలింది రింగు చూపించినదానికి ఆరు రెట్ల దాకా ఉండొచ్చని వాళ్ళ లెక్క. అంటే రింగు 20 మిల్లీసీవర్ట్‌లు చూపిస్తే కొన దగ్గర 120 అయి ఉండొచ్చు. మీ దేశంలో చేతులకి ఏడాది పరిమితి 500. 150 దాటేలా ఉంటేనే నిన్ను వేరే వర్గం కింద రాసుకుని వైద్య పరీక్షలూ అవీ పెడతారు. అంటే ఆ రింగు నిజం చెప్పినా సగమే చెబుతుంది తల్లీ. డ్రాయర్లో పెడితే డ్రాయరుకి ఎంత డోసు తగిలిందో చెబుతుంది.

నా మొదటి బ్యాడ్జి గుర్తొస్తోంది. పరేల్‌లో రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో ట్రైనింగుకి వెళ్ళిన కొత్తలో ఇచ్చారు. దాని లోపల మూడు చిన్న బిళ్ళలు, డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్. ఒకదాని మీద లోహపు రేకు, ఇంకోదాని మీద ప్లాస్టిక్, మూడోది ఖాళీ. తగిలిన రేడియేషన్‌ని లోపలే దాచుకుని, తీసుకెళ్ళి వేడి చేస్తే వెలుగు రూపంలో మొత్తం కక్కేస్తాయి. ఆ వెలుగే లెక్క. ఒకసారి ఆ రీడర్ దగ్గర నిలబడి, గీత పైకి లేచి కిందికి దిగడం చూశాను. ఎవరివో మూడు నెలల పనిదినాలు క్షణాల్లో ఆ గీతలోంచి వెళ్ళిపోయాయి. వానాకాలం, లోకల్ రైళ్ళు ఆగిపోయి హాస్టల్‌కి నడిచి వెళ్ళిన రోజది. ఆ బ్యాడ్జిని చీర కొంగులో మూటగట్టి తీసుకెళ్ళాను, తడవకూడదని. దాన్ని ఇంటికి తీసుకెళ్ళకూడదని మర్నాడు నాకు చీవాట్లు పడ్డాయనుకో.

హాస్టల్ అంటే జ్ఞాపకమొచ్చింది. నువ్వు తిట్టిన క్యాంటీన్ సూప్‌కి మీ ఊళ్ళో ఘనమైన చరిత్రే ఉంది. 1911 ప్రాంతంలో హెవెసీ అని హంగరీ కుర్రవాడు మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తూ ఒక పూటకూళ్ళింట్లో ఉండేవాడు. ఆదివారం వండిన మాంసమే వారమంతా వేషాలు మార్చుకుని వస్తోందని అతని అనుమానం. ఇంటావిడ ఒప్పుకోదు. ఒకరోజు కంచంలో మిగిల్చినదాంట్లో కాస్త రేడియోధార్మిక పదార్థం కలిపాడట. కొన్నాళ్ళకి వడ్డించిన వంటకం దగ్గర ఎలక్ట్రోస్కోపు పెడితే గుట్టు రట్టయిందని చెబుతారు. ఆయనకే తర్వాత ట్రేసర్ల పనికి 1943 నోబెల్ వచ్చింది. నువ్వు రోజూ చేసే స్కాన్లన్నిటికీ ముత్తాత ఆ పాచి మాంసమే. పరేల్ మెస్‌లో పప్పు మీద మాకూ అలాంటి అనుమానాలే ఉండేవి, ధైర్యమే లేదు. నువ్వు మాత్రం సూప్ జోలికి పోకు, ఇంట్లో అన్నం వండుకో. కుక్కర్ విజిల్‌కి పక్కవాళ్ళు ఏమీ అనుకోరు.

ఇంకో కథ చెబుతాను, ఇది నవ్వు తెప్పించేది కాదు. నేను తర్వాత పనిచేసిన ఒక ఆసుపత్రిలో పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పేరెందుకులే, పోయిన మనిషి. పనిలో దిట్ట. జనరేటర్ ఎల్యూట్ చెయ్యడంలో, అయోడిన్ మోతాదులు తీయడంలో ఆయన చేతివేగం మాకెవరికీ రాలేదు. కానీ ఆయన బ్యాడ్జి మాత్రం ఎప్పుడూ అల్మరాలోనే. రీడింగు ఎక్కువొస్తే సంజాయిషీ అడుగుతారు, ఆ రాతకోతలు ఎవరు పడతారని. అలా ఏళ్ళ తరబడి రికార్డులో సున్నాలు పడ్డాయి. రోగులు పెరిగారు. మేమంతా కలిసి అయోడిన్‌కి కొత్త ఫ్యూమ్ హుడ్, ఇంకో మనిషి కావాలని అడిగాం. ఆఫీసువాళ్ళు రికార్డు తిరగేసి, "మీ దగ్గర ఎక్కువ పని చేసేవాడికే డోసు లేదు, ఇంత ఖర్చు దేనికి?" అన్నారు. వాళ్ళ చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి వాళ్ళు అన్నది సబబే.

ఆయనకి ఏమీ కాలేదు, చిన్నీ. వేళ్ళు ఊడిపడలేదు, క్యాన్సర్ రాలేదు. ముసలితనంలో బీపీతో పోయాడు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు ఇది. ఆయన తర్వాత ఆ బల్ల దగ్గరికి వచ్చిన కడప పిల్ల, కొత్తగా పెళ్ళయినది, ఆ పాత హుడ్ ముందే చాలాకాలం నిలబడింది. ఆ అమ్మాయి బ్యాడ్జి పెట్టుకునేది. ఆమె అంకెలు వచ్చాకే హుడ్ వచ్చింది. ఆ పెద్దాయన మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం కూడా చూశాను. ఒకడు సంక్రాంతికి ఊరెళ్తూ ఏప్రాన్‌తో సహా బ్యాడ్జిని హాట్ ల్యాబ్ కొక్కేనికి తగిలించి పోయాడు. పండగంతా అది మాలిబ్డినం జనరేటర్ పక్కనే గడిపింది. వాడు ఊళ్ళో అరిసెలు తింటుంటే వాడి పేరు మీద డోసు పెరిగింది. విచారణ, ఉత్తరాలు, వాడి ముఖంలో నెత్తురు చుక్క లేకపోవడం! అదైనా నయం. ఎక్కువ చూపిస్తే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. సున్నా చూపిస్తే ఎవరూ అడగరు.

నువ్వు రోజూ పొద్దున్నే డోస్ క్యాలిబ్రేటర్‌లో సీజియం సోర్సు పెట్టి, నిన్నటి అంకెకీ ఇవాళ్టి అంకెకీ సరిపోయిందో లేదో చూసి, పుస్తకంలో రాసి సంతకం పెడతావు. ఒకరోజు సోర్సు పెట్టకుండా అంకె వెయ్యమంటే వేస్తావా? చెయ్యి విరిగినా వెయ్యవని నాకు తెలుసు. క్లినికల్ సైంటిస్ట్ అన్న పేరు అక్కడ రిజిస్టరులో ఎక్కితే తప్ప పెట్టుకోకూడదట కదా, మూడేళ్ళు ఆ ట్రైనింగు, ఆ ఫైళ్ళు, ఆ పరీక్షలు అన్నీ అందుకే కదా పడ్డావు. మీ అమ్మ ఇక్కడ అందరికీ నిన్ను డాక్టరనే చెబుతోంది. సరిదిద్దడం నేను మానేశాను.

ఇప్పుడు చెయ్యవలసింది చెబుతాను. సోమవారం వెళ్ళగానే మీ రేడియేషన్ ప్రొటెక్షన్ సూపర్‌వైజర్‌ని కలిసి చిన్న సైజు రింగు అడుగు. నీ వేళ్ళు సన్నం, మగవాళ్ళ కొలతవి నీకు అంటగట్టి ఉంటారు. రింగు మీద గ్లవ్, దాని మీద ఇంకో గ్లవ్. పై గ్లవ్ ఎన్నిసార్లు మార్చినా కిందిది కదలకూడదు. డ్రాయర్లో పెట్టిన రోజులేవో తేదీలతో సహా కాగితం మీద రాసి ఇచ్చెయ్, ఆ రోజుల రీడింగు వాళ్ళు అంచనా వేసుకుంటారు. తిడతారు. తిట్లు తిను.

రీడింగు తగ్గించడానికి వేరే దారులున్నాయి. సిరంజికి టంగ్‌స్టన్ షీల్డ్ లేకుండా ముట్టుకోకు, "ఒక్క క్షణమే కదా" అన్నా సరే. వయల్‌ని వేళ్ళతో కాదు, పట్టకారుతో పట్టు. కొత్త పద్ధతి ఏదైనా ముందు ఉత్త నీళ్ళతో, పక్కన ఎవరినైనా గడియారం పట్టుకుని నిలబెట్టి, చెయ్యి తిరిగేదాకా చెయ్. ఇంతా చేసినా ఎక్కువొస్తే, లిస్టు ఇంకొకరితో పంచుకో. లుటీషియం రోజులు తగ్గితే నీ చదువేమీ తగ్గదు. రోగి కిడ్నీలకి ఎంత తగిలిందో కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క కట్టేవాళ్ళు కూడా కావాలి కదా, ఆ పని నీకు ఇష్టమని నువ్వే రాశావు.

దూరం, దూరం అంటున్నానని రోగి నుంచి పారిపోకు. మాటలన్నీ ఇంజెక్షన్‌కి ముందే, దగ్గర కూర్చుని మాట్లాడు. మనవల్ని ఎన్నాళ్ళు ఎత్తుకోకూడదో స్పష్టంగా రోజులతో చెప్పు, "కొంతకాలం" అనకు. ముసలాళ్ళకి కొంతకాలం అంటే ఎప్పటికీ అనే వినిపిస్తుంది.

ఇంకొకటి, అత్తని కాబట్టి అడిగే హక్కుంది. రేపు పెళ్ళై, కడుపుతో ఉన్నానని తెలిసిన రోజే ఆసుపత్రిలో కాగితం మీద చెప్పెయ్. నువ్వు చెప్పాకే కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్ట్ అన్న పరిమితి వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. ఎవరూ లేరంటావా, సరే. ఉంటే నాకు ముందు చెప్పు, మీ అమ్మకి నేను చెబుతాను.

చేతులు పదేపదే కడిగి చర్మం పగిలిపోతోందన్నావు. కొబ్బరినూనె, గోంగూర పచ్చడి, కందిపొడి పార్సిల్ కట్టి ఉంచాను. మా పక్కింటివాళ్ళ అబ్బాయి నెలాఖరుకి లీడ్స్ వెళ్తున్నాడు, అతనితో పంపుతాను. స్టేషన్‌కి వెళ్ళి తెచ్చుకో.

ఒక సంగతి చివరికి అట్టే పెట్టాను. మీ నాన్నకి వచ్చే గురువారం పొద్దున్న గుండె స్కాన్. కంగారు పడకు, మెట్లెక్కితే ఆయాసమంటే కార్డియాలజిస్టు రాశాడు, అంతే. నీకు చెప్పొద్దన్నాడు. సరేనని నేను అనలేదు. దాచే గుణం నీకెక్కడినుంచి వచ్చిందో ఇప్పుడైనా తెలిసిందా? మోకాళ్ళ వల్ల ట్రెడ్‌మిల్ ఎక్కలేడు కాబట్టి అడినోసిన్ ఇచ్చి టెక్నీషియంతో తీస్తారు. నేను పక్కనే ఉంటాను. చిక్కల్లా కాఫీతోనే. ముందు 24 గంటలు కాఫీ, టీ, కోలా, చాక్లెట్ ఏవీ ముట్టకూడదని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు. కాఫీ పడితే అడినోసిన్ పని చెయ్యక స్కాన్ దండగవుతుందని నేనూ చెప్పాను. "అర గ్లాసుకి ఏమవుతుందక్కా, నీ చాదస్తం కానీ" అన్నాడు. నా మాట వినడు, నీ మాటైతే వింటాడు. మంగళవారం అర్ధరాత్రి పడుకోబోయే ముందు ఫోన్ చెయ్. ఇక్కడ బుధవారం తెల్లవారి, ఆయన డికాక్షన్ వెయ్యడానికి లేచే వేళవుతుంది.

ఇట్లు,
మీ అత్తయ్య