లోడు రాని రోజు

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కిన వాళ్లందరికీ సూర్యాపేట తెలుసు. వాళ్లకు తెలిసిన సూర్యాపేట అంటే ఒక హోటలు, దాని ముందు వరసగా ఆగిన బస్సులు, నోరు కాలేలా తాగిన టీ, "అందరూ ఎక్కారా" అన్న కేక. పావుగంట ఊరు. కోదాడ వచ్చిందంటే విజయవాడ దగ్గరపడిందని ఇంటికి ఫోను చేస్తారు. మిర్యాలగూడ అయితే గుంటూరు రైలు కిటికీలోంచి కనపడే బియ్యం మిల్లులు, అంతే.

దారిన పోయేవాళ్లకు అది చాలు. కానీ ఈ మూడు ఊళ్ల మధ్యే బతుకు తిరిగేవాళ్లున్నారు. మిర్యాలగూడ మిల్లు ముందు ధాన్యం లారీతో వరసలో నిలబడ్డ డ్రైవరు, మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల నుంచి లోడు ఎత్తే డ్రైవరు, బ్యాగు పట్టుకుని క్లినిక్కుల బయట కూర్చునే మెడికల్ రెప్పు, కోతల కాలంలో హార్వెస్టరుతో ఊరూరూ తిరిగే ఆపరేటరు, దామరచర్ల వైపు యాదాద్రి థర్మల్ కేంద్రం పనులకు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. వీళ్లకు సెలవు క్యాలెండర్లో ఎర్ర అంకెగా రాదు. మిల్లు ముందు వరస కదలకపోతే సెలవు. డాక్టరు గారు బంధువుల పెళ్లికి వెళ్తే సెలవు. వాన పడి మడి ఆరకపోతే సెలవు. రోజుకు 8 గంటలే పని, వారానికొక రోజు విశ్రాంతి అని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. ఆ మాట లారీ క్యాబిన్లో ఎవరితోనైనా అని చూడండి, నవ్వుతారు.

చెప్పకుండా వచ్చిన ఇలాంటి సెలవును ఏం చేసుకోవాలి? ముందు నిద్రపోవాలి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు తెల్లవారుజామునే లేవమంటాయి గానీ, రాత్రంతా స్టీరింగ్ పట్టిన మనిషికి ఆ సలహా ఇవ్వడం పాపం. నిద్ర తీరనివాడికి ఏ గుడీ కంటికి ఆనదు. నా మాటలన్నీ నిద్ర తీరాక మిగిలే సగం రోజు గురించే. ఆ సగం రోజు మామూలుగా లాడ్జి మంచం మీద, ఫోను వెలుగులో కరిగిపోతుంది. సాయంత్రానికి ఒళ్లు బరువు తగ్గదు, మనసూ తేలికపడదు.

రోడ్డు మీద ఏళ్లు గడిపేవాళ్లకు ఒక ప్రమాదం ఉంది. ఊళ్లు మెల్లగా పేర్లు పోగొట్టుకుంటాయి. టోల్ దాటాక వచ్చేది, మంచి భోజనం దొరికేది, పోలీసు ఆపేది అని గుర్తులు మిగులుతాయి. ఊళ్లతో ఆగితే ఫరవాలేదు. కొన్నాళ్లకు మనుషులూ అలాగే కనపడతారు: ఆ గేటు దగ్గరివాడు, సంతకం పెట్టేవాడు, మందు రాసే డాక్టరు. ఇంట్లోవాళ్లతో మాట్లాడినా రెండు ముక్కల్లో తేల్చేయడం అలవాటవుతుంది. కొత్త చోటు చూడటం ఈ మొద్దుబారడానికి మందు అని నా నమ్మకం. అయితే ఎక్కడికి వెళ్లాలన్నదాంట్లో నాకో పట్టింపు ఉంది. పేరున్న చోట్ల కంటే ముందు, మీ పని ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్లండి.

మిర్యాలగూడలో లోడు కోసం ఎదురుచూసే డ్రైవరుకు గంట, గంటన్నర ప్రయాణంలో నాగార్జునసాగర్ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారాకే ఈ నేల వరి నేల అయింది, వరి వెంట మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట లారీలు వచ్చాయి. అంటే మీ లారీ మీద టార్పాలిన్ కింద ఉన్నది ఒకరకంగా కృష్ణ నీళ్లే. ఆనకట్ట మీదకు వెళ్లి నిలబడ్డాక, మిల్లు ముందు వరసలో గడిపే రాత్రి మరీ అంత అర్థంలేనిదిగా అనిపించదు. దీంతో జీతం పెరగదు, నిజమే.

మిర్యాలగూడ నుంచే ఇంకోవైపు వాడపల్లి. టేకుమట్ల దగ్గర హైవే వంతెన మీద మీరు వారానికి రెండుసార్లు దాటే మూసీ, అక్కడ కృష్ణలో కలిసిపోతుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురికంతా మోసుకుని వచ్చిన నది చివరికి ఏమవుతుందో చూడాలని వంతెన దాటే ఎందరికి తోచి ఉంటుంది? సంగమం దగ్గర అగస్త్యేశ్వరుడి గుడి, లక్ష్మీనరసింహుడి గుడి ఉన్నాయి. నరసింహుడి ముఖం ఎదురుగా ఉన్న దీపం ఆయన ఊపిరికి కదులుతుందని, పాదాల దగ్గరి దీపం కదలదని అంటారు. నమ్మడం మీ ఇష్టం. ఆ రెండు దీపాలనూ చూస్తూ కాసేపు ఊరికే నిలబడటమైతే ఎవరికైనా మంచిదే.

ఇక సూర్యాపేట. టీకొట్టు దగ్గర పిల్లలమర్రి దారి అడిగితే "ఏమున్నది సారూ ఆడ, పాత గుళ్లే గదా" అంటారు. ఆ మాట పట్టుకుని ఆగిపోవద్దు. ఊరికి ఆరేడు కిలోమీటర్లే, ఆటోలో పోవచ్చు. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లవి. ఎరకేశ్వరాలయం 1208లో కట్టించింది ఒక స్త్రీ, బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. పక్కనున్న నామేశ్వరాలయం నామిరెడ్డి పేరు మీద నిలిచింది. నల్లరాతి స్తంభాలను అద్దంలా నునుపు చేశారు. మండపంలో ఒక దూలం మీద కాకతీయుల కాలపు రంగుల చిత్రం ఆనవాళ్లున్నాయి.

వీటి దగ్గరే నేను చెప్పదలచుకున్నది తేలుతుంది. ఎండలోంచి మండపంలోకి అడుగుపెట్టగానే ఏమీ కనపడదు. చీకటి, రాయి, అంతే. చాలామంది అక్కడే ఒక సెల్ఫీ తీసుకుని వెనక్కి తిరుగుతారు. కళ్లు ఆ మసక వెలుగుకు అలవాటుపడే దాకా ఆగితే స్తంభాల మీది గీతలు, నాట్యం చేసే బొమ్మలు, వాద్యగాళ్లు ఒక్కొక్కరే బయటికి వస్తారు. వెలిసిపోయిన ఆ చిత్రాన్ని వెతకాలంటే ఇంకొంచెం ఓపిక కావాలి. ఏకాగ్రత మీద వెయ్యి రూపాయల కోర్సులున్నాయి. ఆటో చార్జీలతో ఇక్కడ అదే సాధన అవుతుంది. రెండోసారి వెళ్లినప్పుడు మొదటిసారి చూడనివి కనపడతాయి కాబట్టి, నాలుగు చోట్లకు ఒక్కోసారి వెళ్లేకంటే ఒక్క చోటికి నాలుగుసార్లు వెళ్లమంటాను. డాక్టరు గది బయట కూర్చున్న రెప్పుకు కావలసిందీ ఈ చూపే. లోపలున్నది అలసిపోయిన మనిషని గుర్తుపట్టి, ఆ రోజుకు బ్యాగు తెరవకుండా నమస్కారం పెట్టి వచ్చేయగలగాలి.

సూర్యాపేట నుంచి జనగామ రోడ్డులో సుమారు 40 కిలోమీటర్లు పోతే ఫణిగిరి. పాము పడగలా కనిపించే గుట్ట, దాని మీద దాదాపు రెండువేల ఏళ్ల నాటి బౌద్ధారామం: స్తూపం, చైత్యాలు, విహారాలు. ఇక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి ప్రదర్శనలో నిలిచాయి. 2024 మార్చిలో తవ్వకాల్లో ఒక కుండ బయటపడింది, అందులో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు.

కానీ రోడ్డు మీద బతికేవాడు ఆ గుట్టెక్కి చూడవలసింది విహారంలోని చిన్న చిన్న గదులను. బౌద్ధ భిక్షువు సొంత ఇల్లు లేనివాడు, ఊరూరూ తిరగడమే అతని బతుకు. వానాకాలం మూడు నెలలు మాత్రం ఎక్కడో ఒకచోట ఆగాలన్నది నియమం. వర్షావాసం అంటారు. ఆగింది ఒళ్లు విరుచుకు పడుకోవడానికి కాదు. చదువుకుని, ధ్యానం చేసి, చుట్టుపక్కల ఊరివాళ్లతో మాట్లాడి, వానలు వెలిశాక మళ్లీ దారి పట్టేవాళ్లు. రోడ్డు మనిషికి ఆగడం కూడా పనిలో భాగమేనని ఈ నేల మీద అంత పాతకాలంలోనే ఒప్పుకున్నారన్నమాట.

ఆగిన చోటునల్లా పట్టించుకున్న మనిషి మన యాత్రికుల్లోనూ ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. మజిలీ దిగిన చోటల్లా నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లలో ఏం దొరుకుతాయి, జనం ఎలా బతుకుతున్నారు అని రాసిపెట్టుకున్నారు. అదే తర్వాత కాశీయాత్ర చరిత్ర అయింది. అంత రాయక్కర్లేదు. డీజిల్ లెక్క రాసే పుస్తకంలోనే ఓ రెండు పంక్తులు చాలు.

రెండు జాగ్రత్తలు. సెలవు రోజున బండి మీరు నడపొద్దు. పల్లెవెలుగు బస్సో, షేర్ ఆటోనో ఎక్కండి, పక్క సీటువాళ్లే సగం కథలు చెబుతారు. రెండోది, చూసిన చోట్ల లెక్క పెట్టుకోవద్దు. వారమంతా టార్గెట్ల వెంట పరిగెత్తి, దొరికిన సెలవులో గుళ్లకూ టార్గెట్ పెట్టుకుంటే ఆ తిరుగుడు కూడా డ్యూటీయే.

గుళ్లూ గుట్టలూ ఒంటరిగా చూడటం పడనివాళ్లకు జనంలో కలిసే దారీ ఉంది. సూర్యాపేట దాటగానే దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజుల్లో హైవే మీద బండ్లను మళ్లిస్తారు, డ్రైవర్లు తిట్టుకుంటూ చుట్టు తిరిగిపోతారు. పోయినసారి 2025 ఫిబ్రవరిలో జరిగింది, ఆ లెక్కన మళ్లీ 2027లో. ఎలాగూ రోడ్డు ఇవ్వరు. లోడు ఒకరోజు ముందే దింపేసి, బండి ఊళ్లో పెట్టి, గంపలెత్తుకుని "ఓ లింగా" అంటూ నడిచే జనంతో గట్టెక్కండి. ఓనరుకు మాత్రం ముందే చెప్పి ఉంచండి.