పల్లవిని తిప్పే యంత్రము
(గాయక బృందములకు, యౌవనస్థులకు పాఠము)

చదువవలసిన భాగములు: కీర్తనలు 136; 1 కొరింథీయులకు 14



136వ కీర్తన తెరచి చూడండి. 26 వచనములు, ప్రతి వచనము చివర ఒకే మాట. నడిపించేవాడు ముందు భాగము చెప్పగా సమాజమంతా జవాబు పలుకుటకు అనువైన కూర్పు అది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని పల్లవి పని కూడా ఇదే. మన పిల్లలు కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో బడిలో చదివి, తెలుగు చరణములు చదువలేక ఊరకుంటారు. పల్లవి రాగానే గొంతు కలుపుతారు. కొందరికి మన భాషతో మిగిలిన సంబంధము ఆ పల్లవి మాత్రమే.

ఇప్పుడు ఈ తిప్పే పనిని కంప్యూటరుతో చేయవచ్చును. దీనిని లూపింగ్ అంటారు. మనం పాడుచుండగానే ఒక ముక్కను పట్టుకొని, ఆపకుండా తిరిగి తిరిగి వినిపిస్తుంది. తలంపు కొత్తది కాదు. 1960లలోనే అమెరికా స్వరకర్త టెర్రీ రైలీ రెండు టేపురికార్డర్ల మధ్య ఒకే టేపును నడిపి ఇట్టి పని చేశాడు.

జెస్సీ చాపెల్ వ్రాసిన సూపర్‌లూపర్ అనేది ఇందుకు పనికివచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. వెల లేదు, కాపీ తీసి పొరుగు సంఘమునకు ఇచ్చినా తప్పు లేదు, లైసెన్సే అనుమతిస్తుంది. దొంగ కాపీల సాఫ్ట్‌వేరుతో ఆరాధన జరిపి, ఎనిమిదవ ఆజ్ఞ బోధించుట నాకు ఎన్నడూ మింగుడుపడలేదు.

పని తీరు ఇది. ఆదితాళము 8 అక్షరములు. నిమిషమునకు 80 చొప్పున వేస్తే ఒక ఆవర్తనము 6 సెకన్లు. మొదటిసారి నొక్కితే రికార్డు మొదలవుతుంది, రెండవసారి నొక్కితే ముక్క మూసుకొని తిరుగుట ప్రారంభమవుతుంది. అర సెకను ఆలస్యమైతే ముక్క ఆరున్నర సెకన్లు అవుతుంది, ఇక ప్రతి ఆవర్తనములోను అదే తొట్రుపాటు. ఓవర్‌డబ్ నొక్కితే ఉన్నదానిపై మరియొక గొంతు చేరుతుంది. అపస్వరము పడితే అన్‌డూ నొక్కండి, చివరి పొర మాత్రమే పోతుంది. ఒక మాట: స్పీకరు శబ్దము మైకులో పడరాదు. పడితే ప్రతి పొరలోను పాత పొరలు మరల చేరి గోల అవుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

ఆలస్యము గురించి అడుగుతారు. లినక్స్‌లో జాక్ అనే ప్రోగ్రాము శబ్దమును చిన్న మూటలుగా అందిస్తుంది. మూటకు 256 నమూనాలు, రెండు మూటలు, సెకనుకు 48,000 నమూనాలైతే ఆలస్యము సుమారు 10.7 మిల్లీ సెకన్లు. అంటే 12 అడుగుల దూరములో నిలిచినవాని పాట వినుటతో సమానము. అదే మూటకు 1,024 పెడితే 48 అడుగుల దూరము! తాళము కుదరదు.

నిరుడు మా తబలా తమ్ముడు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లగా, ఒక ఆదివారము తాళమును లూపులో పెట్టారు. మూడవ చరణము తరువాత ఒక పెద్దమ్మగారు కన్నీళ్లతో పల్లవిని సాగదీసి పాడారు. తబలా తమ్ముడుంటే ఆగేవాడు. యంత్రము ఆగలేదు. ఆమె మధ్యలో మానుకొని కూర్చున్నారు. ఆ రోజు మరి పాడలేదు.

యంత్రము వినదు, తిప్పుతుంది. కాబట్టి మా పెద్దలము ఇట్లు నిర్ణయించుకొన్నాము: తాళపు లూపు సాధనకు మాత్రమే. ఆరాధనలో కావాలంటే హార్మోనియము శ్రుతిని, అనగా షడ్జమ పంచమములను, లూపులో పెట్టండి. శ్రుతికి అక్షరముల లెక్క లేదు. ఎవరు ఎంతసేపు సాగదీసినా అది తోడుగా ఉంటుంది. యౌవనస్థులకు ఇది మొదట నచ్చలేదు. ఇప్పుడు వారే శ్రుతి సరిచూసి పెడుతున్నారు.

ఈ శనివారపు సాధనలో ముందుగా యంత్రము లేకుండా, చప్పట్లతో, ఎనిమిది ఆవర్తనములు పాడి గడియారము చూడండి. 48 సెకన్లకు దగ్గరగా వచ్చిన తరువాతనే పెడల్ మీద కాలు పెట్టండి.