ప్రక్కకు తీసుకెళ్లిన ప్రభువు

వాక్యభాగం: మార్కు 7:31–37



ఆటిజం ఉన్నవారికి దేవుణ్ణి నమ్మడం కష్టమా? మన డునెడిన్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జెస్సీ బేరింగ్ వాదన ప్రకారం, ఎదుటివారి మనసును ఊహించే శక్తితోనే మనిషి దేవుని మనసునూ ఊహిస్తాడు. ఆ శక్తి తక్కువైనవారిలో దేవునిపై నమ్మకం కూడా సగటున తక్కువని 2012లో ఒక పరిశోధన చెప్పింది. అయితే సగటు లెక్కతో ఒక బిడ్డ విశ్వాసాన్ని తూచలేం. రక్షణకు ఆధారం మన ఊహాశక్తి కాదు, ఆయన కృప.

చెవిటివానిని యేసు జనంలో నుండి ప్రక్కకు తీసుకెళ్లాడు. వినలేనివానితో ముందుగా స్పర్శతో మాట్లాడాడు. చెవుడు, ఆటిజం ఒకటి కావు; కాని ప్రభువు పద్ధతి మనకు పాఠం. మావోరీ భాషలో ఆటిజాన్ని ‘తకివాతంగ’ అంటారు. తన సొంత సమయంలో, తన సొంత చోటులో అని దాని భావం. యేసు ఆ మనిషిని కలుసుకున్నది అలాగే.

మన ఆరాధనలో డ్రమ్స్, మైకు, అందరూ ఒక్కసారే గొంతెత్తే ప్రార్థన ఉంటాయి. అక్కడ చెవులు మూసుకున్న బిడ్డను చూసి ‘భక్తి లేదు’, ‘దయ్యం పట్టింది’ అనకండి. సౌండు తగ్గించండి. ఆరాధన క్రమాన్ని ముందే బొమ్మలతో చూపించండి. ప్రక్క గది తెరిచి ఉంచండి. ఆ తల్లిదండ్రుల ప్రక్కన కూర్చోండి.

ప్రభువా, ప్రక్కకు వెళ్లి కలుసుకునే ప్రేమను మా సంఘానికి నేర్పుము. ఆమేన్.