భుజవైకల్యము – మాజీ సైనికుల పింఛను అప్పీలు

బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కర్మాగారము వెలసిన కాలమునుండియు ఖరగ్‌పూరు పట్టణమున తెలుగు కుటుంబములు స్థిరపడి యున్నవి. మలంచా వంటి పేటలలోని ఈ కుటుంబములనుండి రైల్వే కొలువునకు పోయినవారే గాక, సైన్యమున చేరి సేవానంతరము ఇల్లు చేరినవారును కలరు. అట్టివారిలో కొందరికి భుజము నొప్పియు, చేయి పైకెత్తలేని బాధయు సైనిక జీవితము మిగిల్చిన గుర్తుగా నిలిచిపోవును. అంగవైకల్యపు పింఛను కోరగా, “ఈ వైకల్యము సేవవలన కలిగినది కాదు, సేవవలన హెచ్చినదియు కాదు” అని ఉత్తరము వచ్చుట కలదు. ఆ ఉత్తరము చూచి నిరాశతో ఊరకుండుట తగదు. దానిపై అప్పీలు చేసికొను హక్కు కలదు. భుజమునకు సంబంధించిన అప్పీలునకు ముఖ్యాధారములు రెండు: గాయమైన నాడు వ్రాయబడిన కాగితము, చేతి కదలికకు తీయబడిన కొలత.

భుజపు కీలు స్వభావము

మన శరీరమునందలి కీళ్లన్నిటిలో మిక్కిలి స్వేచ్ఛగా కదలునది భుజపు కీలు. దండచేయి ఎముక యొక్క గుండ్రని తల, రెక్క ఎముకయందలి లోతు తక్కువ గుంటలో ఆని యుండును. గుంట చిన్నది, తల పెద్దది. కావున ఆ తలను స్థానమునందు నిలుపు భారము ముఖ్యముగా చుట్టునున్న కండరములపైనను, స్నాయువులపైనను పడుచున్నది. ఈ నిర్మాణమువలననే చేయి అన్ని దిక్కులకు తిరుగును. ఈ నిర్మాణమువలననే కీలు సులభముగా తొలగును.

సైనికులలో కనుపించు భుజబాధలు ముఖ్యముగా మూడు. మొదటిది, పడుటవలన గాని, గట్టి దెబ్బవలన గాని కీలు తొలగుట. చిన్న వయస్సున ఒకసారి తొలగిన కీలు మరల మరల తొలగు అవకాశము హెచ్చు. రెండవది, బరువులెత్తుటవలనను, చేయి తలకు మించి ఎత్తి పనిచేయుటవలనను స్నాయువులు చిరుగుట లేక అరుగుట. మూడవది, కీలు చుట్టునున్న పొర బిగిసి చేయి కదలకుండుట. ఇది నలువది ఏండ్లు దాటినవారికిని, మధుమేహ రోగులకును ఎక్కువగా వచ్చును. గాయము తరువాత చేయి చాలకాలము కదల్పక యుంచినను రావచ్చును.

కీలు తొలగినప్పుడు తెలియనివారిచే లాగించి కట్టు కట్టించుకొనరాదు. నరము, రక్తనాళము దెబ్బతిను ప్రమాదము కలదు. చేతిని కదలకుండ గుడ్డతో మెడకు వ్రేలాడదీసి ఆసుపత్రికి పోవలెను. ప్రాణభయము లేకున్నను ఇందు వేరొక నష్టము కూడ కలదు: ఆసుపత్రికి పోని గాయమునకు కాగితముండదు.

వైద్య మండలి పరిశీలన

నొప్పి కంటికి కనుపడదు. వైద్య మండలి కొలువగలిగినది కదలిక. ఆరోగ్యవంతుడు చేతిని ముందునుండియు, ప్రక్కనుండియు సుమారు 180 డిగ్రీలవరకు ఎత్తగలడు. బయటివైపునకు సుమారు 90 డిగ్రీలు త్రిప్పగలడు. కోణమును కొలుచు సాధనముతో రెండు చేతులను కొలిచి పోల్చుదురు. కండరము క్షీణించినదా, స్పర్శ తగ్గినదా అనునదియు చూతురు. ఎక్సురే ఎముకను చూపును. చిరిగిన స్నాయువును ఎం.ఆర్.ఐ. చిత్రము తేటపరచును.

పరీక్షలో బాధను దాచుటయు, లేనిది కల్పించుటయు రెండును హానికరములే. తల దువ్వుకొనుట, చొక్కా తొడుగుకొనుట, నీళ్ల బకెట్టు మోయుట, రైలు పెట్టెలో పై బల్లపై సామాను పెట్టుట – వీనిలో ఏది చేయలేకున్నారో స్పష్టముగా చెప్పవలెను. కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అనునదియు తెలుపవలెను.

సేవతో సంబంధము

వైకల్యమున్నంత మాత్రమున పింఛను రాదు. అది సేవవలన కలిగియో, హెచ్చియో యుండవలెను. విధిలో కలిగిన గాయమే గాక, అధికారులు ఏర్పరచిన క్రీడలలో కలిగిన గాయమును లెక్కకు వచ్చును. సెలవులో స్వంత పనిమీద నుండగా తగిలిన దెబ్బకు సేవతో సంబంధము చూపుట కష్టము.

ఈ విషయమున 2013లో ధరమ్‌వీర్ సింగ్ వ్యాజ్యమునందు సుప్రీంకోర్టు ముఖ్యమైన తీర్పు నిచ్చినది. సైన్యమున చేరునాడు ఏ వ్యాధియు నమోదు కాకున్నచో ఆ వ్యక్తి ఆరోగ్యవంతుడై యుండెనని భావింపవలెననియు, సందేహలాభము సైనికునకే చెందవలెననియు, కాదను వైద్య మండలి కారణములు చూపవలెననియు ఆ తీర్పు తెలిపినది. కావున కారణము వ్రాయని తిరస్కారమును అప్పీలులో ప్రశ్నింపవచ్చును.

2023 సెప్టెంబరు 21 నుండి నూతన నియమములు అమలులోనికి వచ్చినవి. అంతకు పూర్వము విరమించినవారికి నాటి నియమములు వర్తించును. వాని ప్రకారము, సేవాకాలము ముగించి విరమించినవారికి వైకల్యము నూటికి 20కి తగ్గరాదు. 20 మొదలు 50 లోపు నున్న వైకల్యమును 50గా లెక్కించు సౌకర్యము వీరికిని చెందునని 2014లో రామ్ అవతార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. నూటికి 19కిని 20కిని గల తేడా ఎంత పెద్దదో దీనినిబట్టి గ్రహింపవచ్చును. కోణములు సరిగా కొలిపించుకొనుట అందుకే అవసరము.

అప్పీలు మార్గము

తిరస్కార పత్రము అందిన ఆరు నెలలలోపల మొదటి అప్పీలు పంపవలెను. జవానులు తమ రికార్డు కార్యాలయము ద్వారా పంపుకొందురు. అదియు త్రోసివేయబడినచో రెండవ అప్పీలు కలదు. దానికిని గడువు ఆరు నెలలే. పిమ్మట సాయుధ దళముల ట్రిబ్యునల్ కలదు. ఇది 2007 నాటి చట్టము ననుసరించి ఏర్పడి, 2009 నుండి పనిచేయుచున్నది. విరమించిన సైనికుడు తాను నివసించు ప్రాంతపు పీఠమున దరఖాస్తు చేసికొనవచ్చును. పూర్వుల ఊరు శ్రీకాకుళము జిల్లాలో నున్నను, మలంచాలో కాపురమున్నవారికి కలకత్తా పీఠము దగ్గర. ఖరగ్‌పూరునుండి హౌరా సుమారు 115 కిలోమీటర్లు మాత్రమే.

అప్పీలుతో జతపరచవలసినవి: నాటి గాయపు నివేదిక, సైనిక ఆసుపత్రినుండి విడుదల చేసిన పత్రము, విరమణ వైద్య మండలి నివేదిక, తిరస్కార పత్రము, ఎముకల వైద్య నిపుణుడు డిగ్రీలతో వ్రాసి ఇచ్చిన నూతన నివేదిక. వైద్య మండలి నివేదిక ప్రతి లేనివారు 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కోరవచ్చును. జిల్లా సైనిక బోర్డు సలహా నిచ్చును. అర్హులకు జిల్లా న్యాయసేవల సంస్థ ఉచిత న్యాయసహాయము చేయును.

సైన్యమునుండి వచ్చి రైల్వే కొలువున చేరినవారు ఒక సంగతి మరువరాదు. కొలువులో మరల భుజమునకు దెబ్బ తగిలినచో దాని కాగితములను వేరుగా నుంచవలెను. రెండు గాయములు కలిసిపోయినచో ఏది ఎప్పటిదో తేల్చుట కష్టమై, రెండు హక్కులును బలహీనపడును.

అప్పీలు నడచుచుండగా చికిత్స మానరాదు. చేయి బాగుపడినచో పింఛను పోవునని తలచి వ్యాయామము మానినవారికి కీలు బిగిసి, కదలిక మరింత తగ్గవచ్చును. వైద్యుడు చెప్పిన వ్యాయామము నిత్యము చేయవలెను. ప్రతి కాగితమునకు ప్రతి తీసి భద్రపరుపవలెను. గడువు తేదీని ఇంటివారికి కూడ తెలిపి యుంచవలెను.