వైనరీలో పని దొరుకుతుందా అన్నా?

జీడిమెట్ల షాపూర్‌నగర్‌లో బి షిఫ్ట్ వదిలాక చాయ్ బండి దగ్గర మా పాత మందుల కంపెనీ ల్యాబ్ కుర్రాళ్ళు ఎవరు కలిసినా ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. ఫోన్ తీసి నాసిక్ ద్రాక్షతోటల వీడియో చూపిస్తారు. పచ్చటి తీగలు, వెనక కొండ, చేతిలో గ్లాసు. ఇక్కడేమో గాలి మళ్ళిందంటే సాల్వెంట్ వాసన. మనసు లాగదా మరి!

దొరుకుతుంది. కాకపోతే వీడియోలో కనపడే పని కాదు, ఈ ఊళ్ళో అంతకన్నా కాదు.

కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్ష పందిళ్ళు ఉన్న రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. ఇప్పుడు ఆ పందిళ్ళ స్థానంలో వెంచర్ల బోర్డులు. మన దగ్గర పేరు తెచ్చుకున్న అనాబ్-ఎ-షాహీ పండు పెద్దది. నోట్లో వేసుకోవడానికి బాగుంటుంది, వైన్‌కు అంత అనువు కాదు. పోనీ శామీర్‌పేట దగ్గర రెండెకరాలుంది, వైన్ ద్రాక్షే వేస్తానని ఎవరైనా అంటే అదీ వద్దనే చెబుతాను. వైన్ ద్రాక్షను కోసిన కొన్ని గంటల్లోనే పిండాలి. దగ్గర్లో వైనరీ లేకుండా ఆ పంట వేస్తే కోసింది ఎక్కడికి మోసుకుపోతారు?

అలాగని జీడిమెట్లకు వైన్‌తో చుట్టరికం లేకపోలేదు. ఇక్కడ ప్లాంటు ఉన్న గ్రాన్యూల్స్ ఇండియా వ్యవస్థాపకుడు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కర్ణాటకలో హంపి కొండల దగ్గర తోట వేసి, తమ ఇద్దరి పేర్లూ కలిసొచ్చేలా ‘కృస్మా’ పేరుతో వైన్ తీస్తున్నారు. కాబెర్నే సావిన్యాన్, సావిన్యాన్ బ్లాన్, సాంజోవేజె ద్రాక్షలు. మందుబిళ్ళల మనిషి వైన్ దాకా వెళ్ళడం నాకు వింతగా అనిపించలేదు. దారి మనం అనుకున్నంత దూరం కాదు.

ఎందుకో తెలియాలంటే ఒకసారి జర్మనీ వెళ్ళిరావాలి. మోజెల్ నది ఒడ్డున, దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, నిలబడితే కాలు జారేంత వాలు మీద రీస్లింగ్ ద్రాక్ష పండిస్తారు. నేలంతా పలకరాయి. పగటి ఎండను దాచుకుని రాత్రి తీగకు కాస్త కాస్త ఇస్తుంది. గుత్తి తొందరపడకుండా అక్టోబరు దాకా పండుతుంది. రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి కనుక కాయలోని మాలిక్ ఆమ్లం పెద్దగా హరించుకుపోదు. అందుకే ఆ వైన్‌లో పులుపు పదునుగా నిలుస్తుంది.

మన నాసిక్ 20 డిగ్రీల దగ్గరుంది. వైన్ ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి దాకా, అంటే రోజురోజుకూ ఎండ ముదిరే కాలంలో. తీపి పరుగెడుతుంది, పులుపు పడిపోతుంది, పీహెచ్ పైకి పోతుంది. మోజెల్‌కు చలి ఊరికే వస్తుంది. మనం కరెంటు బిల్లు కట్టి తెచ్చుకోవాలి. తెల్ల వైన్ రసం 12 నుంచి 16 డిగ్రీల మధ్య పులియాలి. అందుకు జాకెట్ ఉన్న స్టీలు ట్యాంకులు, ఆ జాకెట్‌లో తిరిగే గ్లైకాల్, వెనక చిల్లింగ్ ప్లాంటు. వినగానే తెలిసిన సామానే అనిపించడం లేదూ? బ్రైన్ లైన్లు చూసుకున్న మన యుటిలిటీ ఆపరేటర్‌కు అక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. రాత్రి రెండింటికి కంప్రెసర్ ట్రిప్ అయితే ఏం చేయాలో తెలిసినవాడి విలువ కోతల సీజన్లోనే తెలుస్తుంది.

క్యూసీ వాళ్ళకు మాత్రం ఒక హెచ్చరిక, నాకే తగిలిన దెబ్బతో. చాలా ఏళ్ళ కిందట ఓ వైనరీ ఇంటర్వ్యూకు వెళ్ళాను. ఎర్ర వైన్‌లో ఆమ్లం ఎలా చూస్తావన్నారు. ఫినాఫ్తలీన్ వేసి టైట్రేట్ చేస్తానని ఠక్కున చెప్పాను. అడిగినాయన ఒక గ్లాసు ఎర్ర వైన్ నా ముందుకు జరిపి, ‘‘ఇందులో గులాబీ రంగు ఎక్కడ కనపడుతుందో చూపించు బాబూ’’ అన్నాడు. అంతే, ఇంటికొచ్చేశాను. చేయాల్సింది ఇదీ: ముందు శాంపిల్‌లోని కార్బన్ డయాక్సైడ్ పోగొట్టాలి, లేకపోతే రీడింగ్ ఎక్కువ వస్తుంది. తర్వాత 10 మిల్లీలీటర్లు తీసుకుని, పీహెచ్ మీటరు పెట్టి, 0.1 నార్మల్ కాస్టిక్‌తో 8.2 దాకా తేవాలి. బ్యూరెట్ రీడింగ్‌ను 0.75తో గుణిస్తే టార్టారిక్ లెక్కన లీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది. 8.4 పడితే 6.3 గ్రాములు.

ఇంకొకటి కూడా అడుగుతారు, సల్ఫర్ డయాక్సైడ్ గురించి. వైన్ చెడకుండా కాపాడేది అదే. పీహెచ్ 3.2 ఉంటే స్వేచ్ఛా సల్ఫర్ డయాక్సైడ్ 20 పీపీఎం చుట్టూ ఉంటే సరిపోతుంది. అదే రక్షణ 3.8 దగ్గర కావాలంటే 80 దాకా పోవాలి. వేడి ప్రాంతపు వైనరీ పులుపు కోసం ఎందుకంత తాపత్రయపడుతుందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

మనవాళ్ళకు కష్టమయ్యేది వేరే ఉంది. మనం ఓఓఎస్ (ఫలితం నిర్ణీత పరిమితులు దాటడం) అంటే వణికేవాళ్ళం, ఈ బ్యాచ్ నిన్నటి బ్యాచ్‌లా లేకపోతే విచారణ మొదలు. ద్రాక్ష ఏ ఏడు ఎలా వస్తే ఆ ఏడు వైన్ అదే. తేడాను తప్పుగా చూడకపోవడం అలవాటు కావాలి.

ఇక పని విషయం. వైనరీలో సగం బతుకు కడగడమే. ట్యాంకు, పైపు, ప్రెస్, నేల, మళ్ళీ ట్యాంకు. సీఐపీ (పరికరాలను విప్పకుండానే కడిగే పద్ధతి) తెలిసినవాళ్ళు అది సిగ్గుపడకుండా బయోడేటాలో పైనే రాయండి. కన్ఫైన్డ్ స్పేస్ పర్మిట్ మీద పనిచేసి ఉంటే అదీ రాయండి. లీటరు రసం పులిస్తే 50 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, గాలికన్నా బరువు, ట్యాంకు అడుగున మడుగులా నిలుస్తుంది. రంగు లేదు, నైట్రోజన్ లాగే చెప్పాపెట్టకుండా పడేస్తుంది. గ్యాస్ మీటరు పెట్టకుండా తొక్క తీయడానికి దిగమని ఎవరైనా చెబితే, మొదటి రోజైనా సరే, దిగొద్దు.

చదవాలనుకునే కుర్రాళ్ళకు పుణె దగ్గర మంజరిలోని వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైన్, బ్రూయింగ్, ఆల్కహాల్ టెక్నాలజీ కోర్సు ఉంది. జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రమూ మంజరిలోనే. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు 2018 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆల్కహాల్ పానీయాల నిబంధనలు ఒకసారి చదివి వెళ్ళండి. మనకు ఫార్మకోపియా ఎలాగో వాళ్ళకు అది అలాగ.

ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటుంది. కోతల మూడు నెలలూ వారం సెలవు మీద ఆశ పెట్టుకోకండి. సరిగ్గా అప్పుడే పిల్లల వార్షిక పరీక్షలు. తీసుకునేది సీజన్‌కేనా, ఏడాది మొత్తానికా, పీఎఫ్ కడతారా అన్నది కాగితం మీద చూసుకున్నాకే ఇక్కడ రాజీనామా ఇవ్వండి.

బయోడేటా దసరా, దీపావళి మధ్య పంపండి. జనవరిలో ప్రెస్ తిరగడం మొదలయ్యాక అక్కడ ఫోన్ ఎత్తే తీరిక ఎవరికీ ఉండదు.