వెనకవైపు అక్షరాలు

సికింద్రాబాదు

చి. చిన్నికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పవర్ బ్యాంకులు రెండూ అందాయి. బజార్లో దొరికేవాటి మీద ఈఫిల్ టవరో, న్యూయార్క్ మేడలో ఉంటాయి. నువ్వు స్వయంగా తీసిన ఫోటోలతో మన ఊరి కట్టడాలు వేయిస్తున్నావంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. అమ్మకానికి పెట్టేముందు చూసి చెప్పమన్నావు కాబట్టి తోచినవి రాస్తున్నాను.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ బొమ్మ చక్కగా కుదిరింది. అంత వెడల్పాటి భవనాన్ని అరచేతిలో పట్టే డబ్బా మీద ఇరికించాలని చూడకుండా ముఖద్వారం కమాను ఒక్కటే తీసుకున్నావు. ఎండ ఏటవాలుగా పడటంతో గులాబీ రంగు గ్రానైటు గరుకు కూడా కంటికి తెలుస్తోంది.

చార్మినార్ మాత్రం మళ్ళీ తీయాలి. మరీ దగ్గర నిలబడి కెమెరా పైకెత్తినట్టున్నావు, మినార్లు పైకి పోయేకొద్దీ లోపలికి వాలిపోయాయి. ఛార్జింగు ఎంత ఉందో చూపే లైటు చుక్కలు సరిగ్గా గడియారం మీద పడ్డాయి. 1591 నాటి కట్టడానికి 1889లో అమర్చిన గడియారమది, దాన్ని అలా చెరపకు. బాగా వెనక్కి జరిగి, కెమెరా వంచకుండా తియ్యి. కింద నేల ఎక్కువ వస్తే తరవాత కత్తిరించుకోవచ్చు. ఎవరినైనా అడిగి పక్క మేడ ఎక్కగలిగితే మరీ మంచిది. జనాన్ని కంప్యూటర్లో తీసేశావు, అదీ వద్దమ్మా. తోపుడు బండి, గాజులు కొనుక్కుని వచ్చే ఆడవాళ్ళు కనబడకపోతే ఆ కమాను ఎంత ఎత్తో చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

కట్టడాన్ని వాలకుండా తీయడం నేర్చుకోవాలంటే రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలు ఓపిగ్గా చూడు. ఆయన రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్లో ప్రభుత్వ కొలువు చేసి, ఆ తరవాత ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. మన సికింద్రాబాదులోనే స్టూడియో పెట్టాడు. గాజు పలకల మీద తీసిన ఆ భవనాల్లో గోడ నిటారుగా, గోడలాగే ఉంటుంది. కట్టడం ఎలా నిలబడుతుందో చదువుకున్నవాడు కాబట్టే అలా తీయగలిగాడని నా నమ్మకం.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది వెనకవైపు గురించి. బొమ్మను అంచులు దాటించి వెనక్కి తిప్పేసరికి అక్కడి అక్షరాలన్నీ మూసుకుపోయాయి. ఎన్ని ఎంఏహెచ్, ఎన్ని వాట్ అవర్లు, బీఐఎస్ గుర్తు, దాని కింది రిజిస్ట్రేషన్ నంబరు, ఒక్కటీ కనబడదు. అది కొనేవాడికి చేసే అన్యాయం. 10,000 ఎంఏహెచ్ అన్న లెక్క లోపలి సెల్లుది, 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది. అందుకే 5,000 ఎంఏహెచ్ ఫోను రెండుసార్లు నిండదు, ఒకటిన్నరసార్లు నిండితే గొప్ప. ఆ మాట ముందే చెప్పి అమ్ము. విమానంలో 100 వాట్ అవర్ల లోపువి చేతిసంచిలో పెట్టుకోవచ్చు, లగేజీలో వేయకూడదు. తనిఖీలో అడిగితే చూపించాల్సింది ఈ అక్షరాలే. ఉబ్బితే వాడటం మానెయ్యాలనీ, చెత్తబుట్టలో పడెయ్యకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వాలనీ ఒక చీటీ కూడా పెట్టెలో వెయ్యి.

ఆ అక్షరాల పక్కనే కట్టడం పేరు, సంవత్సరం, నమూనా గీసినవాళ్ళ పేరు వేయించు. కట్టించిన ప్రభువు పేరు అందరూ రాస్తారు. ఆర్ట్స్ కాలేజీకి నమూనా ఇచ్చిన బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ పేరు ఆ మెట్లెక్కి దిగే పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1939లో పూర్తయిన ఆ భవనం బొమ్మ అమ్ముకుంటూ ఆయన పేరు వదిలేయడం నాకు మనసొప్పదు. చార్మినార్ నమూనా ఎవరిదో నేను ఖాయంగా చెప్పలేను, కాబట్టి దానికి కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరు, సంవత్సరం చాలు.

తరవాత ఏది తీయాలని అడిగావు. మొజంజాహి మార్కెట్ తియ్యి. 1935 నాటి రాతి కట్టడం, మూలమీద గడియారపు స్తంభం. నీ డబ్బా నిలువు కొలతకి ఆ స్తంభం అతికినట్టు సరిపోతుంది. వచ్చే ఆదివారం, ట్రాఫిక్ మొదలవకముందే వెళ్దాం. ట్రైపాడ్ నువ్వు తెచ్చుకో. వెనకవైపు అక్షరాలు కూర్చాక అచ్చుకి ఇచ్చేముందు నాకు వాట్సాప్ చెయ్యి, తప్పులుంటే దిద్ది పంపుతాను. అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య