రేటు మార్చినా మొత్తం మారడం లేదా?

శిడ్లఘట్ట మార్కెట్లో మన గూళ్లు 62 కిలోలు పోయాయనుకోండి. కంప్యూటర్‌లో కిలో రేటు 480 తీసి 520 కొట్టినా ఎక్సెల్ మొత్తం 29,760 దగ్గరే నిలిచిందా? రావాల్సింది 32,240. పంట రాబడి 2,480 తక్కువ కనిపిస్తుంది. వరుసగా చూద్దాం.

1. ఎఫ్9 నొక్కండి. మొత్తం మారితే లెక్క మాన్యువల్‌లో ఉన్నట్టే. ఫార్ములాస్‌లో క్యాలిక్యులేషన్ ఆప్షన్స్ తెరిచి ఆటోమేటిక్ పెట్టి, సేవ్ చేయండి. మాన్యువల్ ఫైలు ముందు తెరిస్తే, దాని వెనక తెరిచేవీ అలాగే నడుస్తాయి.

2. ఒక్క గడిలో మొత్తం బదులు ఫార్ములానే కనిపిస్తోందా? ఆ గడి టెక్స్ట్‌లో ఉంది. జనరల్‌కు మార్చి ఎఫ్2, ఆపైన ఎంటర్ కొట్టండి.

3. గడి నొక్కితే పైపట్టీలో ఉత్త అంకె ఉందా? ఫార్ములా మీద ఎవరో అంకె కొట్టేశారు. మళ్లీ రాయాలి.

కొత్త పంట లెక్కకు ముందు ఒక రేటు మార్చి చూసుకుందాం. మొత్తం కదిలితేనే నమ్ముదాం.